రాయల్ సొసైటీ పిక్చర్ లైబ్రరీ: ల్యాబ్ గోడకి బొమ్మలు వెతుక్కునే టీచర్ల కోసం ఒక రివ్యూ

మా కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్‌లో సైంటిస్టుల చార్ట్ ఒకటి ఉండేది, స్టేషనరీ షాపులో కొన్నది, పన్నెండు ముఖాలు, కింద పేర్లు. నేను చేరకముందు నుంచీ ఉంది కాబట్టి ఎప్పుడూ దాన్ని నిలబడి చూడలేదు. రెండేళ్ళ క్రితం స్ప్రింగు ప్రయోగం చేయిస్తుంటే ఫస్టియర్ అమ్మాయి ఒకతె ఫోన్ పట్టుకుని వచ్చి, "మేడమ్, హుక్ ఫొటో చార్ట్‌లో ఒకలా ఉంది, నెట్‌లో రెండు మూడు రకాలుగా ఉంది, ఏది కరెక్ట్?" అంది. స్ప్రింగు ఎంత సాగుతుందో సూత్రం చెప్పిన పదిహేడో శతాబ్దపు రాబర్ట్ హుక్ సంగతి. చూస్తే నిజమే. చార్ట్‌లో గడ్డమున్న పెద్దాయన, నెట్‌లో ఒకచోట గడ్డం లేని పొడుగు జుట్టు మనిషి, ఇంకోచోట ఇంకెవరో. రేపు చెప్తానని పంపించాను. ఆ రాత్రి కూర్చుని వెతికితే చివరికి చేరిన చోటు లండన్‌లోని రాయల్ సొసైటీ వాళ్ళ పిక్చర్ లైబ్రరీ. అప్పటినుంచీ వాడుతూనే ఉన్నాను కాబట్టి ఈ రివ్యూ రాస్తున్నాను. రేటింగ్ ముందే చెప్పేస్తాను, 5కి 4.5. ఆ అర ఎందుకు తగ్గించానో కిందకి వెళ్ళేసరికి తెలుస్తుంది.

రాయల్ సొసైటీ గురించి రెండు ముక్కలు. 1660 నవంబర్ 28న లండన్ గ్రెషమ్ కాలేజీలో క్రిస్టఫర్ రెన్ ఉపన్యాసం అయ్యాక పన్నెండు మంది కూర్చుని, ప్రయోగాలు చేసి చూసుకునే సంఘం ఒకటి పెట్టుకుందాం అనుకున్నారు, అదే ఇది. ఎవరో చెప్పారని నమ్మొద్దు అనే అర్థం వచ్చే లాటిన్ మాట వాళ్ళ నినాదం. సభ్యుల్ని ఫెలోలు అంటారు, పేరు వెనక ఎఫ్.ఆర్.ఎస్. అని రాస్తారే, అదే. మొదటినుంచీ తమ వాళ్ళ బొమ్మలు కూడబెట్టుకుంటూ వచ్చారు. ఇళ్ళు కూడా చాలా మారారు, 1710లో క్రేన్ కోర్ట్, 1780లో సోమర్సెట్ హౌస్, 1857లో బర్లింగ్టన్ హౌస్, 1967 నుంచి ఇప్పుడున్న కార్ల్‌టన్ హౌస్ టెర్రస్. మారిన ప్రతిసారీ ఈ ఫ్రేములన్నీ బండెక్కి దిగాయి. అద్దె ఇల్లు మారినప్పుడు ఒక పెళ్ళి ఫొటో అద్దం పగలకుండా తీసుకెళ్ళడానికి మనం ఎంత టెన్షన్ పడతామో గుర్తు తెచ్చుకోండి.

వాడటం చాలా తేలిక. పేరు కొట్టి వెతకండి, బొమ్మ వస్తుంది, చూడటానికి డబ్బులు అక్కర్లేదు. పెద్ద సైజు ఫైలు కావాలన్నా, పుస్తకంలో అచ్చు వేసుకోవాలన్నా మాత్రం అనుమతి, ఫీజు ఉంటాయి. నేను దీన్ని ఇంతగా మెచ్చుకోవడానికి కారణం బొమ్మ కాదు, బొమ్మ పక్కన ఉండే వివరం. ఎవరిది, ఎవరు వేశారు, ఏ సంవత్సరం, దేనిమీద వేశారు, అసలు బొమ్మా లేక దాన్ని చూసి చెక్కిన ప్రింటా. మామూలుగా మనం గూగుల్లో కనబడ్డ మొదటి బొమ్మ డౌన్‌లోడ్ చేసి పవర్‌పాయింట్‌లో పెట్టేస్తాం. నేనూ ఏళ్ళ తరబడి అదే చేశాను. పిల్లలు రీడింగు తీసుకునేటప్పుడు లీస్ట్ కౌంట్, అంటే పరికరం కొలవగల అతి చిన్న కొలత, రాయకపోతే మార్కులు తీసేస్తాం, ముఖం విషయంలో మాత్రం ఎక్కడిదో అడగం.

న్యూటన్నే చూడండి. సొసైటీ దగ్గరున్న ఆయిల్ పెయింటింగుల్లో చార్లెస్ జెర్వాస్ వేసినది 1703 నాటిది, అంటే ఆయన అధ్యక్షుడైన ఏడాదిది, దాన్ని 1717లో న్యూటనే సొసైటీకి ఇచ్చాడు. జాన్ వాండర్‌బ్యాంక్ వేసినది 1725 నాటిది, అప్పటికి ఆయనకి ఎనభై దాటాయి. గురుత్వాకర్షణ గురించి ఆయన రాసిన పుస్తకం ప్రిన్సిపియా, 1726లో వచ్చిన దాని మూడో కూర్పు మొదట్లో ఉన్న న్యూటన్ బొమ్మ కూడా వాండర్‌బ్యాంక్ చిత్రం చూసి చెక్కినదే. ఈ రెండూ చూశాక ఇంకొకటి కూడా చూడండి, అది సొసైటీది కాదు, పోర్ట్స్‌మత్ ప్రభువుల కుటుంబానిది, గాడ్‌ఫ్రీ నెల్లర్ 1689లో వేసినది. అందులో న్యూటన్‌కి విగ్గు లేదు, సొంత జుట్టు నెరిసి భుజాల దాకా పడుతుంటుంది, చొక్కా మెడ దగ్గర తెరిచి ఉంటుంది, నల్లటి అంగీ చేతిలోంచి సన్నటి పొడవాటి వేళ్ళు బయటికి కనిపిస్తాయి. ప్రిన్సిపియా అచ్చయి రెండేళ్ళు, వయసు నలభై ఆరు. నేను క్లాసులో ఈ మూడూ వరసగా చూపిస్తాను, ఏ ముఖంతో గురుత్వాకర్షణ రాశాడు, ఏ ముఖంతో అధ్యక్షుడి కుర్చీలో కూర్చున్నాడు అని. తేదీ లేకపోతే ఈ పాఠం చెప్పడం కుదిరే పని కాదు, విగ్గు పెట్టుకున్న ముసలాయనే ఆపిల్ చెట్టు కింద కూర్చున్నాడని పిల్లలు అనుకుంటారు.

ఇక హుక్. ఆ అమ్మాయి ప్రశ్నకి జవాబు ఏమిటంటే, ఆయనదని నమ్మకంగా చెప్పగలిగే బొమ్మ ఒక్కటీ మిగల్లేదు. 1710లో ఉఫెన్‌బాక్ అనే జర్మన్ యాత్రికుడు సొసైటీకి వచ్చి అక్కడ వాయువుల సూత్రం చెప్పిన రాబర్ట్ బాయిల్‌దీ హుక్‌దీ చిత్రాలు చూశానని రాసుకున్నాడు. బాయిల్ చిత్రం ఇప్పటికీ ఉంది, యోహాన్ కెర్సెబూమ్ వేసినది, పెద్ద ఉంగరాల విగ్గు, దాని మధ్య బక్కచిక్కిన ముఖం, ఎప్పుడూ ఒంట్లో బాగుండని మనిషని చూడగానే తెలుస్తుంది. హుక్ చిత్రం మాత్రం ఏమైందో తెలీదు. న్యూటన్‌కి హుక్‌తో పడేది కాదు కాబట్టి, హుక్ పోయిన 1703లోనే న్యూటన్ అధ్యక్షుడయ్యాడు కాబట్టి, ఆయనే దాన్ని తీయించేశాడని ఒక కథ యూట్యూబ్ నిండా తిరుగుతుంది. దానికి ఆధారం లేదు. దయచేసి క్లాసులో చెప్పకండి. ఇల్లు మారే గొడవలో పోయి ఉండొచ్చు, ఇంకోలా పోయి ఉండొచ్చు.

ఆ గడ్డం పెద్దాయన సంగతి తెలుసుకోవాల్సిందే. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఉన్న ఒక చిత్రం హుక్‌దేనని 2003లో లీసా జార్డిన్ అనే చరిత్రకారిణి వాదించారు, పేరున్న మనిషి చెప్పింది కాబట్టి అది బాగా పాకింది. తర్వాత తేలింది ఏమిటంటే ఆ ముఖం వాన్ హెల్మాంట్‌ది, గ్యాస్ అనే మాట పుట్టించిన రసాయన శాస్త్రవేత్త. 2019లో మేరీ బీల్ వేసిన ఇంకో చిత్రాన్ని చూపించి ఇదే హుక్ అన్నారు, దాన్నీ అందరూ ఒప్పుకోలేదు. నెట్‌లో కనిపించే ఇంకొన్ని మన కాలంలో రీటా గ్రీర్ అనే చిత్రకారిణి, హుక్‌ని చూసినవాళ్ళు రాసిన వర్ణనలు చదివి వేసినవి. అవి చాలా శ్రద్ధగా వేసిన బొమ్మలు, నాకు ఇష్టం కూడా, కానీ ఊహాచిత్రం అని కింద రాయాలి. ఆయన్ని ఎరిగినవాళ్ళు రాసినది చూస్తే మధ్యస్థం ఎత్తు, వంగిన నడుం, పాలిపోయిన ముఖం, ముందుకొచ్చినట్టుండే పెద్ద కళ్ళు.

మరుసటి రోజు క్లాసులో ఇదంతా చెప్పాను, పాఠం ఆగిపోయింది, పీరియడ్ మొత్తం దీనికే పోయింది, పోతే పోయింది. తర్వాత ఆ చార్ట్ తీసేశాం. హుక్ స్థానంలో ఏం పెట్టాలో కూడా అక్కడే దొరికింది, 1665లో ఆయన మైక్రోస్కోపులో చూసినవి వేసి తెచ్చిన మైక్రోగ్రాఫియా పుస్తకంలోని ఫ్లీ బొమ్మ, అదే కుక్కల ఒంటి మీద ఉండి ఎగిరి దూకే చిన్న పురుగు, మడత విప్పితే పుస్తకం కంటే పెద్దదయ్యే బొమ్మ. కాళ్ళ మీద వెంట్రుకలు, ఒంటి మీద పలకలు ఒకదాని మీద ఒకటి పెంకుల్లా, అన్నీ లెక్కపెట్టొచ్చు. ముఖం పోయినా కన్ను మిగిలింది కదా మేడమ్ అన్నాడు మా అటెండరు దాన్ని గోడకి కొడుతూ. ఆ మాట నాకు చాలా నచ్చింది.

మనవాళ్ళ విషయానికొస్తే, ఇక్కడ ఆయిల్ పెయింటింగులు ఆశించకండి. మొదటి భారతీయ ఫెలో 1841లో ఎన్నికైన బొంబాయి ఓడల నిపుణుడు అర్దసీర్ కర్సెట్‌జీ, రెండోవారు 1918లో రామానుజన్, మధ్యలో డెబ్బై ఏడేళ్ళు. ఆ తర్వాత 1920లో జగదీశ్ చంద్ర బోస్, 1924లో రామన్, 1927లో మేఘనాద్ సాహా, అలా. అప్పటికి ఫొటోల కాలం వచ్చేసింది. వాల్టర్ స్టోన్‌మన్ అనే ఆయన, తర్వాత గాడ్‌ఫ్రీ ఆర్జెంట్ స్టూడియో, ఫెలోల్ని వరసగా కూర్చోబెట్టి ఫొటోలు తీశారు. వెనక ఏమీ ఉండదు, ముందు ముఖం మాత్రమే. కెమెరా ముందు కూర్చోవడం ఎవరికైనా కష్టమేనని తెలియాలంటే డార్విన్‌ని చూడండి, 1850ల్లో మాల్ అండ్ పాలీబ్లాంక్ స్టూడియో తీసిన తన ఫొటో చూసుకుని, నిజంగా నా ముఖం ఇంత చెడ్డగా ఉంటే నాకు ఒక్క స్నేహితుడైనా ఎలా ఉన్నాడో అని ఉత్తరంలో రాసుకున్నాడు.

రామానుజన్ ఫొటో కథ మాత్రం కొంచెం ఆగి చెప్పాలి. మనందరికీ తెలిసిన ఆ ఫొటో, బుగ్గలు పీక్కుపోయి కళ్ళు మాత్రం వెలుగుతూ నేరుగా మనల్నే చూసే ఫొటో, 1919లో ఇండియాకి తిరిగి రావడానికి పాస్‌పోర్టు కోసం తీసినది. అంటే చావుకి ఏడాది ముందు, జబ్బుతో ఉన్నప్పుడు. ఆయన పోయాక, ఆయన్ని కేంబ్రిడ్జికి పిలిపించిన గణిత శాస్త్రవేత్త హార్డీ దగ్గర సరైన ఫొటో లేదు. 1936లో ఖగోళ భౌతిక శాస్త్రవేత్త సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ ఇండియా వచ్చినప్పుడు రామానుజన్ భార్య జానకి అమ్మాళ్ గారి దగ్గర ఈ పాస్‌పోర్టు ఫొటో సంపాదించి తీసుకెళ్ళి ఇచ్చారు. జబ్బు మనిషిలా ఉన్నా ఆ ముఖంలో మేధ కనిపిస్తోందని హార్డీ అన్నాడు. చాలా ఏళ్ళ తర్వాత, భర్తకి విగ్రహం పెడతామని అన్నారు గానీ ఎవరూ పెట్టలేదని జానకి అమ్మాళ్ గారు 1981లో ఒక పత్రికకి చెబితే, అది తెలిసి రిచర్డ్ ఆస్కీ అనే అమెరికన్ గణిత శాస్త్రవేత్త ప్రపంచం నలుమూలలనుంచీ చందాలు పోగుచేశారు. పాల్ గ్రాన్‌లండ్ అనే శిల్పి అదే పాస్‌పోర్టు ఫొటో చూసి కంచు విగ్రహాలు పోశాడు, ఒకటి జానకి అమ్మాళ్ గారికి చేరింది, ఒకటి చంద్రశేఖర్ రాయల్ సొసైటీకి ఇచ్చారు. ఒక ఆఫీసు కాగితం మీద అంటించడానికి తీసిన చిన్న ఫొటో, భార్య దాచుకుంది కాబట్టి మిగిలింది. హుక్‌కి అలా దాచిపెట్టేవాళ్ళు లేరు. నేను ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టి చెబితే క్లాసులో వెనక బెంచీ కూడా నిశ్శబ్దంగా విన్నది.

మన తెలుగు నేలతో సంబంధం ఉన్న ఫెలోల్ని వెతుక్కుంటూ పోవడం నాకు ఇప్పుడొక అలవాటైంది. మలేరియాని దోమ మోస్తుందని 1897లో సికింద్రాబాద్‌లో కనిపెట్టిన రోనాల్డ్ రాస్ 1901లో ఫెలో అయ్యారు. విశాఖపట్నంలో పనిచేసిన డాక్టర్ ప్యాట్రిక్ రసెల్ 1777లోనే ఫెలో, మన తీరంలో పాముల మీద 1796లో పుస్తకం వేశాడు, ఇంగ్లీషు వాళ్ళు ఆయన పేరుతో పిలిచే రక్తపింజరిని ఆయన మాత్రం మనవాళ్ళు చెప్పినట్టే కాటుక రేకుల పొడ అని రాసుకున్నాడు. ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదివిన సి.ఆర్.రావు గారు 1967లో, శ్రీకాకుళంలో పుట్టి విశాఖ ఆంధ్ర మెడికల్ కాలేజీలో చదివిన వులిమిరి రామలింగస్వామి గారు 1986లో, అనంతపురంలో పుట్టిన ఎం.ఎస్.రఘునాథన్ గారు 2000లో ఫెలోలు అయ్యారు. వెతికేటప్పుడు ఒక చిట్కా, మన ఇంటిపేర్లు ఇంగ్లీషులో ఎవరికి తోచినట్టు వాళ్ళు రాస్తారు కాబట్టి ఇనీషియల్సుతో ఒకసారి, పూర్తి పేరుతో ఒకసారి, ఎన్నికైన సంవత్సరంతో ఒకసారి ప్రయత్నించండి.

ఆడవాళ్ళు ఎక్కడ మేడమ్ అని అడుగుతారు, అడగాలి కూడా. 1945 దాకా ఒక్క మహిళా ఫెలో కాలేదు, ఆ ఏడు క్యాథ్లీన్ లాన్స్‌డేల్, మార్జరీ స్టీఫెన్‌సన్ అని ఇద్దరు, అంటే సంఘం పుట్టిన 285 ఏళ్ళకి. 1902లో విద్యుత్తు మీద పనిచేసిన హెర్తా ఆర్టన్ పేరు ప్రతిపాదిస్తే పెళ్ళయిన ఆడది కాబట్టి కుదరదన్నారు, నాలుగేళ్ళ తర్వాత ఆమెకే హ్యూస్ మెడల్ ఇచ్చారు. దీనికంటే చాలా ముందు ఇంకో విషయం ఉంది, పందొమ్మిదో శతాబ్దపు గణిత, ఖగోళ రచయిత్రి మేరీ సోమర్‌విల్ పాలరాతి విగ్రహాన్ని ఫ్రాన్సిస్ చాంట్రీ చేత చెక్కించి తమ హాల్లోనే పెట్టుకున్నారు. విగ్రహానికి లోపల చోటుంది, మనిషికి సభ్యత్వం లేదు. మా గోడ మీద లాన్స్‌డేల్ ఉంది, బెంజీన్ రింగు బల్లపరుపుగా ఉంటుందని ఎక్స్‌రేలతో తేల్చింది ఆవిడే, కెమిస్ట్రీ సార్ అడిగి మరీ ఆ ఫొటో తమ వైపు గోడకి పెట్టించుకున్నారు.

ప్రింట్ల సంగతికి వస్తే, సొసైటీ బొమ్మల్ని ఫ్రేము ప్రింట్లుగా కూడా అమ్ముతారు. లండన్ నుంచి తెప్పించుకోవడం మా కాలేజీ బడ్జెట్‌కి అందేది కాదు కాబట్టి నేను పాత పెయింటింగుల వరకు, కాపీరైట్ తీరిపోయి ఉచితంగా దొరికే పెద్ద ఫైళ్ళు తీసుకుని ఇక్కడే వేయించాను. మొదటిసారి ఒక ఫ్లెక్స్ షాపుకి ఇచ్చి నష్టపోయాను. బాయిల్ ముఖం డల్‌గా ఉందని బ్రైట్ చేశారు, ఫ్రేముకి సరిపోవాలని అడ్డంగా సాగదీశారు, విగ్గు తెల్లటి మబ్బులా అయిపోయింది, పాపం ఆ బక్కాయన గుమ్మడికాయలా తయారయ్యాడు. అడిగితే బాగానే ఉంది కదా మేడమ్ అన్నారు, డబ్బులు తిరిగి ఇవ్వలేదు. పాత పెయింటింగ్ చీకటిగానే ఉంటుంది, ఆ చీకట్లోంచే ముఖం బయటికి వస్తుంది, దాన్ని పెళ్ళి ఆల్బంలా చేయకూడదు. రెండోసారి ఫొటోలు కడిగే ల్యాబ్‌కి వెళ్ళి రంగులు ముట్టుకోవద్దు, కొలతలు మార్చొద్దు, చోటు మిగిలితే తెల్ల అంచు వదిలేయండి అని కాగితం మీద రాసిచ్చి మ్యాట్ పేపర్ మీద వేయించాను. అద్దం కూడా మెరవనిది అడగండి, ట్యూబ్‌లైటు పడి ముఖం కనబడదు లేకపోతే. ఇరవయ్యో శతాబ్దం ఫొటోల విషయంలో ఇలా చేయకండి, ఫొటో తీసినవాళ్ళకి ఇంకా హక్కులు ఉంటాయి, అనుమతి అడిగి తీసుకోండి. ఆయిల్ పెయింటింగులు మాత్రమే చూస్తే చాలనుకునేవాళ్ళకి ఆర్ట్ యూకే సైటు కూడా ఉంది, బ్రిటన్‌లో ప్రజలకి చెందిన సేకరణల్లోని పెయింటింగులు ఒకేచోట దొరుకుతాయి.

అర రేటింగు తగ్గించింది ఇందుకు. ఫెలో పేరు ఉంటుంది, వేసినవాడి పేరు ఉంటుంది, ఆ ఫెలో పని వెనక ఉన్న మిగతావాళ్ళ ముఖాలు ఇలాంటి సేకరణల్లో ఉండవు. రసెల్‌కి పాములు పట్టి తెచ్చినవాళ్ళు, రాస్‌కి దోమలు కుట్టనిచ్చి రక్తం ఇచ్చినవాళ్ళు. ఎలా ఉండొచ్చో చూడాలంటే బ్రిటిష్ లైబ్రరీలో ఉన్న ఒక చిత్రం వెతకండి, 1816లో మద్రాసులో థామస్ హికీ వేసిన కల్నల్ కాలిన్ మెకంజీ. మన కైఫీయతులు, అంటే ఊళ్ళ చరిత్రలు, పోగుచేయించిన మెకంజీయే. ఎర్ర కోటులో ఆయన మధ్యలో, చుట్టూ ముగ్గురు మనవాళ్ళు, ఒకరి చేతిలో దూరదర్శిని, ఇంకొకరి చేతిలో తాటాకులు. వాళ్ళలో ఒకరు మన ఏలూరు కావలి సోదరుల్లో ఒకరైన వెంకట లక్ష్మయ్య గారని చెబుతారు. తెలుగువాడి ముఖం అలా సర్వేయర్ జనరల్ భుజం పక్కన, అదే కాన్వాసు మీద కనిపించినప్పుడు నేను చాలాసేపు స్క్రీన్ మూయలేకపోయాను. అది పదకొండో ఫ్రేముగా మా గోడ ఎక్కింది.

పన్నెండో ఫ్రేము రామలింగస్వామి గారి కోసం ఖాళీగా ఉంచాం, ఆయన అయోడిన్ లోపం మీద పనిచేసిన మనిషి కాబట్టి అయోడిన్ ఉప్పు గురించి పాఠం వచ్చినప్పుడల్లా ఆయన పేరు చెబుతాను, పిల్లలు ముఖం ఏదని గోడ వైపు చూస్తారు. విశాఖలో చదివిన డాక్టర్లు, వాళ్ళ పిల్లలు ఎవరైనా ఇది చదువుతుంటే, మీ ఇంట్లో ఆయన ఫొటో ఉండి, ఎవరు తీశారో, ఏ ఏడాది తీశారో వెనకాల రాసి కూడా ఉంటే, ఒక కాపీ మా ల్యాబ్‌కి ఇవ్వండి.